పికప్ బుష్‌లు అరిగాయా? రబ్బరు, పీయూ, గన్‌మెటల్... ఏది ఎక్కడ వేయాలి

స్పీడ్ బ్రేకర్ ఎక్కిదిగినప్పుడు కింద టక్‌మని కొడుతోందని పికప్ షెడ్డుకు తీసుకెళ్తే, మేస్త్రీ ఒకసారి కిందకి దూరి చూసి "బుష్‌లు పోయాయి" అంటాడు. అంటే కదిలే భాగాల అతుకుల్లో బోల్ట్ చుట్టూ ఉండే గొట్టంలాంటి ముక్కలు అరిగాయని. అసలు తికమక అక్కడే మొదలవుతుంది. కంపెనీ రబ్బరు బుష్ వేయాలా, బయట దొరికే రబ్బరుదా? ఎరుపు, పసుపు రంగుల్లో వచ్చే పీయూ (పాలీయూరిథేన్) బుష్ మంచిదా? నైలాన్ వేస్తే ఎలా ఉంటుంది? లేత్‌లో గన్‌మెటల్ అనే లోహంతో తీయించుకుంటే? బుష్ ఒక్కటే మార్చాలా, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే ఆర్మ్ మొత్తం మార్చాలా? అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో మాట చెబుతారు. తాము చెప్పేదే బండి మొత్తానికీ వేయించుకోమంటారు.

నేను ఒప్పుకోలేనిది ఆ "బండి మొత్తానికీ" అనే మాటనే. ఒకే పికప్‌లో ముందు లోయర్ ఆర్మ్ బుష్ పని వేరు, వెనక షాకిల్ (స్ప్రింగు చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే పట్టీ) బుష్ పని వేరు. రెండు చోట్లా ఒకే సరుకు వేస్తే ఏదో ఒక చోట నష్టం తప్పదు. అందుకే ముందు ఏ బుష్ ఎక్కడ ఏం చేస్తోందో చూసి, ఆ తర్వాతే సరుకు సంగతి ఆలోచించాలి.

ముందు వేరు, వెనక వేరు

మన దగ్గర తిరిగే పికప్‌లు ఎక్కువగా రెండు రకాలు. టొయోటా హైలక్స్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ లాంటి వాటికి ముందు డబుల్ విష్‌బోన్ (పైనా కిందా జంట ఆర్మ్‌లు), కాయిల్ స్ప్రింగ్ ఉంటాయి, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉంటాయి. కేవలం లోడు కోసం చేసిన కొన్ని బండ్లకు ముందు కూడా కమానే. మీది ఏ రకమో ముందు చూసుకోండి. ముందు కమానే ఉన్న బండికి ఆర్మ్ బుష్‌ల గొడవే లేదు.

డబుల్ విష్‌బోన్ ఉన్న బండిలో ఒక్కో చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్. ఒక్కోదానికి రెండు బుష్‌లు, అంటే ముందు భాగంలోనే మొత్తం 8. వీటిలో ఎక్కువ దెబ్బ తినేవి కింది ఆర్మ్‌వి. బండి బరువు కాయిల్ మీదుగా కింది ఆర్మ్ మీదే పడుతుంది, బ్రేక్ కొట్టినప్పుడు చక్రాన్ని వెనక్కి నెట్టే బలమూ ఎక్కువగా అక్కడికే వస్తుంది. ఆ బుష్‌లోని రబ్బరు కొంచెం ఇచ్చుకుని, అంటే నొక్కుకుని, ఆ దెబ్బను మింగుతుంది. అది వదులైతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగ్ నిలకడ తప్పుతుంది, టైర్ ఒక అంచు వైపే అరిగిపోతుంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు.

వెనక కమాన్ లెక్క వేరు. ముందు వైపు కన్ను (కట్ట చివరి చుట్ట) ఛాసిస్‌కు ఒకే చోట బిగించి ఉంటుంది. యాక్సిల్‌ను ముందుకు వెనక్కి కదలకుండా పట్టుకునేది ఆ కన్నే, ఇంజిన్ తోపు కూడా దాని మీదుగానే ఛాసిస్‌కు వస్తుంది. వెనక వైపు కన్ను షాకిల్‌కు వేలాడుతుంది. లోడు పడితే కమాన్ చదునవుతుంది, చదునైతే పొడవు పెరుగుతుంది, ఆ పెరిగిన మేర షాకిల్ ఊగాలి. కాబట్టి ముందు కన్నులోని బుష్ గట్టిగా పట్టుకోవాలి, షాకిల్ బుష్‌లు స్వేచ్ఛగా తిరగాలి. షాకిల్ పట్టేసిందంటే ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది.

నిజంగా బుష్‌దేనా?

డబ్బు పెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. టక్‌మన్న ప్రతి శబ్దమూ బుష్‌ది కాదు. బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండ్రటి అతుకు), స్టెబిలైజర్ (మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే బార్) లింక్, షాక్ అబ్జార్బర్ కన్ను, వదులైన యూ-బోల్ట్... ఇవన్నీ దాదాపు అదే శబ్దం చేస్తాయి. సులువైన పరీక్ష ఏంటంటే, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, పొడవాటి లివర్ రాడ్‌ను ఆర్మ్‌కీ ఛాసిస్ బ్రాకెట్‌కీ మధ్య పెట్టి మెల్లగా ఎత్తాలి. మంచి బుష్ కొద్దిగా ఇచ్చుకుని, వదిలేయగానే మళ్లీ తన చోటికి వస్తుంది. పోయిన బుష్‌లో లోపలి ఇనుప గొట్టం ఒక పక్కకు జారిపోయి ఉంటుంది. కొన్నిటిలో రబ్బరుకూ గొట్టానికీ మధ్య చీలిక కళ్లకు కనిపిస్తుంది.

రబ్బరు పైపొర మీద సన్నని గీతల్లాంటి పగుళ్లు కనిపించగానే బుష్ పోయిందనుకోవద్దు. ఎండకు, గాలిలోని ఓజోన్‌కు పైపొర అలా అవుతుంది. లోపల రబ్బరు గొట్టాన్ని వదిలిందా లేదా అన్నదే ముఖ్యం. కొన్ని లోయర్ ఆర్మ్ బుష్‌లలో కంపెనీయే కావాలని ఖాళీలు వదులుతుంది. అవి చిరుగులు కావు. చిరుగు అంచు గరుకుగా ఉంటుంది, పక్కన నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది. ఇనుముకు ఇనుము రాసుకున్న చోట మెరుపు కనిపిస్తుంది.

రబ్బరు బుష్: బద్నాం ఎక్కువ, తప్పు తక్కువ

ఆర్మ్‌లలో కంపెనీ నుంచి వచ్చేది ఎక్కువగా బాండెడ్ రబ్బరు బుష్. షెడ్డుల్లో సైలెంట్ బ్లాక్ అంటారు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుని ఉన్న రబ్బరు. ఇందులో ఏదీ ఏదాని మీదా జారదు. చక్రం పైకి కిందకి కదిలినప్పుడు రబ్బరు మెలి తిరుగుతుంది, మళ్లీ విప్పుకుంటుంది, అంతే. అందుకే దీనికి గ్రీజు అక్కర్లేదు, శబ్దం ఉండదు, దుమ్ము లోపలికి వెళ్లే దారీ ఉండదు.

కొత్త రబ్బరు బుష్ వేసి ఆరు నెలలు కాకముందే పోయిందని చాలామంది చెబుతారు. సరుకు నాసిరకమైతే పోవచ్చు. కానీ బిగించే పద్ధతి తప్పినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే పోతుంది, తిట్లు మాత్రం రబ్బరుకు పడతాయి. బండి జాకీ మీద ఉండగా చక్రం కిందకి వేలాడుతుంది, ఆర్మ్ కిందకి వంగి ఉంటుంది. అదే స్థితిలో బోల్ట్ ఫుల్ టైట్ చేస్తే లోపలి గొట్టం అక్కడే లాక్ అవుతుంది. బండిని నేల మీద దింపగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు అప్పుడే సగం మెలి తిరిగిపోతుంది. ఆగి ఉన్నప్పుడు కూడా ఆ మెలిక పోదు. దాని మీద ప్రతి గుంత ఇంకాస్త మెలిపెడుతుంది. అలాంటి బుష్ ఎంత మంచి కంపెనీదైనా త్వరగా చిరుగుతుంది.

చేయాల్సింది ఒక్కటే. బోల్ట్‌లు వదులుగా ఎక్కించి, బండిని నాలుగు చక్రాల మీద చదునైన చోట దింపి, రెండుసార్లు కిందకి నొక్కి వదిలి, అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్ (బిగింపు బలం)తో బిగించాలి. రబ్బరు బుష్ ఉన్న కమాన్ కన్నులకూ ఇదే పద్ధతి. షెడ్డులో పిట్ గానీ ర్యాంప్ గానీ లేకపోతే ఈ పని కష్టం, అందుకే చాలాచోట్ల ఎగ్గొడతారు. దగ్గరుండి చేయించుకోండి. సరుకు ఎంపిక కంటే ఈ పది నిమిషాల పనే బుష్ ఆయుష్షును ఎక్కువగా తేలుస్తుందని నా గట్టి నమ్మకం.

కంపెనీ రబ్బరా, బయటిదా అన్న ప్రశ్నకు నా జవాబు: ముందు ఆర్మ్‌లకు కంపెనీదే, లేదా అదే నాణ్యత ఉన్న పేరున్న తయారీదారుది. షాక్ అబ్జార్బర్ కన్నుకు, స్టెబిలైజర్ బార్‌కు బయటిది పర్వాలేదు. బయటి సరుకు కొనేటప్పుడు పాత బుష్ చేతిలో పట్టుకుని వెళ్లండి. లోపలి గొట్టం పొడవు రెండిటిదీ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడండి. లోపలి గొట్టం కాస్త పొట్టిగా ఉంటే బ్రాకెట్ దాన్ని గట్టిగా పట్టుకోలేదు. అప్పుడు గొట్టమే బోల్ట్ మీద తిరుగుతూ, చివరికి ఛాసిస్ బ్రాకెట్ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి తెస్తుంది. బుష్ మళ్లీ కొనుక్కోవచ్చు, బ్రాకెట్ రిపేరు మాత్రం పెద్ద పని. రబ్బరు గొట్టాన్ని చుట్టూ సమంగా పట్టుకుందా, ఎక్కడైనా సందు కనిపిస్తోందా అన్నది కూడా వెలుతురులో చూడండి. కొన్నేళ్లుగా షాపు అటక మీద ఎండకు మగ్గిన సరుకు వద్దు, వాడకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది.

పీయూ బుష్ ఎవరికి?

పీయూ అంటే పాలీయూరిథేన్. కంపెనీ రబ్బరు కంటే గట్టిది, అందుకే తక్కువ ఇచ్చుకుంటుంది. ఆయిల్, గ్రీజు తగిలినా రబ్బరంత తొందరగా ఉబ్బదు. స్టీరింగ్ తిప్పగానే బండి వెంటనే తిరిగినట్టు అనిపిస్తుంది. కొండ దారుల్లో, ఆఫ్‌రోడ్‌లో తిప్పేవాళ్లకు ఆ తేడా బాగా నచ్చుతుంది. ఎక్కువగా రెండు ముక్కలుగా వస్తుంది కాబట్టి, చాలా డిజైన్లను ప్రెస్ లేకుండా చేత్తో ఎక్కించొచ్చు. ఊళ్లో ప్రెస్ దొరకని వాళ్లకు అదొక సుఖం.

అయితే పని చేసే తీరే వేరు. పీయూ మెలి తిరగదు, లోపలి గొట్టం మీద జారుతూ తిరుగుతుంది. జారాలంటే గ్రీజు కావాలి. అదీ మామూలు గ్రీజు కాదు, దాంతో పాటు వచ్చే చిక్కటి సిలికాన్ గ్రీజు. మన ఎర్రమట్టి దుమ్ములో, వర్షాకాలం బురదలో ఆ గ్రీజు ఎండిపోతే కిర్రు కిర్రుమంటుంది. ఆ శబ్దం వినీ వినీ టెన్షన్ పడి తిరిగి రబ్బరుకు వచ్చినవాళ్లు ఉన్నారు. మళ్లీ విప్పి గ్రీజు పెట్టే ఓపిక ఉంటేనే పీయూ జోలికి వెళ్లాలి.

ఇంకో సంగతి ఉంది, దీన్ని షాపువాళ్లు చెప్పరు. కింది ఆర్మ్ బుష్ తిరగడమే కాదు, బ్రేక్ కొట్టినప్పుడు ముందుకు వెనక్కి, గుంతలో పక్కకు కూడా కొంచెం ఇచ్చుకోవాలి. కంపెనీ ఖాళీలు వదిలి చేసిన బుష్ స్థానంలో గట్టి పీయూ వేస్తే, ఇచ్చుకోవాల్సిన దెబ్బంతా నేరుగా బ్రాకెట్‌కూ ఛాసిస్‌కూ వెళ్తుంది. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు, వారాంతం ఊరికి వెళ్లే డీ-మ్యాక్స్‌కో హైలక్స్‌కో కింది ఆర్మ్‌లలో పీయూ వేయించడం నాకు ఇష్టం లేదు. కుటుంబంతో ప్రయాణం చేసే బండిలో స్టీరింగ్‌కు, సీటుకు వచ్చే అదురు అలసట తెప్పిస్తుంది.

పీయూ నిజంగా బాగా పనికొచ్చే చోట్లు రెండు. ఒకటి స్టెబిలైజర్ బార్ బుష్‌లు. అక్కడ బార్ ఒకే దిశలో తిరుగుతుంది, గట్టిదనం వల్ల లాభమే. రెండోది వెనక షాకిల్. అక్కడ కావాల్సింది తిరగడమే కదా, ఆ పని పీయూ చక్కగా చేస్తుంది. జారే బుష్ కాబట్టి ఏ ఎత్తులో బిగించినా మెలిక పడే సమస్య ఉండదు.

నైలాన్, గన్‌మెటల్

నైలాన్ గురించి ఎక్కువ చెప్పను. చవక, లేత్‌లో వెంటనే తీసిస్తారు. కానీ అదురును మింగదు, దెబ్బకు పగులుతుంది, నీరు పీల్చి కొంచెం ఉబ్బుతుంది కూడా. బిగుతుగా తీసిన నైలాన్ బుష్ వానాకాలంలో పిన్‌ను పట్టేయడానికి కారణం అదే. దారిలో బండి ఆగిపోతే ఊరు చేరడానికి వేసుకోండి, అంతే.

గన్‌మెటల్ సంగతి అలా కాదు. రాగి, తగరం, కొంచెం జింక్ కలిపిన లోహం. పాత లారీల కమాన్ కన్నుల్లో గ్రీజు నిపుల్ ఉన్న పిన్‌తో కలిసి ఏళ్ల తరబడి పని చేసింది. మదనపల్లె టమాటా, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు వేసుకుని రోజూ ఫుల్ లోడుతో తిరిగే బండికి వెనక రబ్బరు మాటిమాటికీ నలిగిపోతుంటే, నిపుల్ ఉన్న పిన్‌తో గన్‌మెటల్ వేయించుకోవడం తెలివైన పనే. షరతు ఒక్కటి. గ్రీజు గన్ పట్టే చేయి రోజూ ఉండాలి, లేదా కనీసం వారానికోసారైనా కొట్టించాలి. పాత గ్రీజు పక్కల నుంచి బయటికి వచ్చేదాకా కొట్టాలి, దాంతోపాటే లోపలి దుమ్మూ బయటికొస్తుంది. డ్రైవర్ మారుతూ, ఎవరూ పట్టించుకోని బండికైతే వద్దు. గ్రీజు లేని గన్‌మెటల్ తాను అరిగి, పిన్‌ను అరగదీసి, చివరికి కమాన్ కన్నుకే ఎసరు పెడుతుంది. ముందు ఆర్మ్‌లకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోహం బుష్ వద్దు.

భీమవరం వైపు చేపలు, రొయ్యలు తోలే బండ్లది మరో బాధ. ఐసు కరిగిన ఉప్పునీళ్లు వెనక షాకిళ్ల మీద కారుతూనే ఉంటాయి. బుష్ బాగున్నా బోల్ట్ తుప్పు పట్టి లోపలి గొట్టంతో కలిసిపోతుంది, విప్పబోతే గ్రైండర్ పెట్టి కోయాల్సి వస్తుంది. అలాంటి బండికి బుష్‌తో పాటు కొత్త బోల్ట్‌లు, నట్లు ముందే కొని ఉంచుకోవాలి. బోల్ట్ ఎక్కించేటప్పుడు దాని ఒంటికి తుప్పు పట్టని పేస్ట్ పలుచగా రాయాలి, రబ్బరుకు అంటకుండా చూడాలి. ఇలాంటి బండికి షాకిల్‌లో పీయూయే నా ఎంపిక.

బుష్ ఒక్కటేనా, ఆర్మ్ మొత్తమా?

బాల్ జాయింట్ బాగుండి, ఆర్మ్ వంగకుండా ఉండి, దగ్గర్లో హైడ్రాలిక్ ప్రెస్ ఉంటే బుష్ ఒక్కటే మార్చుకోవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆర్మ్ మొత్తం మార్చడమే మేలు. బాల్ జాయింట్ కూడా అరిగితే లెక్క ఇంకా తేలిక. ఒకే ఆర్మ్‌ను ఇవాళ బుష్ కోసం, మూడు నెలలకు జాయింట్ కోసం రెండుసార్లు విప్పితే కూలీ రెండుసార్లు, అలైన్‌మెంట్ ఖర్చూ రెండుసార్లు.

ఇక్కడ ఒక చిక్కుంది. బయట దొరికే చవక ఆర్మ్‌లో బుష్‌లు కూడా చవకవే ఉంటాయి. మీ కంపెనీ ఆర్మ్ ఇనుము బాగుంటే, అందులోకి మంచి బుష్ ప్రెస్ చేయించడం ఆ కొత్త చవక ఆర్మ్ కంటే వందపాళ్లు నయం. "కొత్తది కదా" అన్న మాటకు పడిపోవద్దు.

ప్రెస్ విషయంలో రెండు పనులకు ఒప్పుకోవద్దు. ఒకటి, సుత్తితో కొట్టి ఎక్కించడం. బయటి గొట్టం నొక్కుకుపోతుంది, రబ్బరు అతుకు లోపలే ఊడుతుంది. రెండోది, బుష్ వదులుగా ఉందని దాని అంచుకు వెల్డింగ్ చుక్క పెట్టడం. ఆ వేడికి రబ్బరు గొట్టాన్ని వదిలేస్తుంది. బండి బయలుదేరకముందే బుష్ సగం చచ్చినట్టే. ఆర్మ్ రంధ్రం పెద్దదైపోయి బుష్ నిలవకపోతే ఆర్మ్ మార్చడం తప్ప దారి లేదు. పాత బుష్‌ను గ్యాస్ మంట పెట్టి కాల్చి తీయడం కూడా ఆపించండి. ఆ పొగ విషం, ముఖ్యంగా పీయూ కాలితే. పైగా ఆ వేడి పక్కనున్న బాల్ జాయింట్ బూటును (రబ్బరు తొడుగును) తినేస్తుంది.

ఖాళీలున్న బుష్ అయితే పాతది తీయకముందే ఆ ఖాళీ ఏ వైపు ఉందో ఆర్మ్ మీద చాక్‌పీస్‌తోనో పెయింట్‌తోనో గీత గీయించండి. కొత్తది అదే దిశలో ఎక్కాలి. లోయర్ ఆర్మ్ బోల్ట్‌లకు అలైన్‌మెంట్ సర్దే క్యామ్ ఉంటే దానికీ విప్పకముందే గుర్తు పెట్టాలి, లేకపోతే అలైన్‌మెంట్ షాపు దాకా బండి నడపడమే కష్టమవుతుంది.

ఎడమ వైపే పోయిందంటే కుడి వైపు కూడా మార్చాలా? మార్చండి. ఒక పక్క బిగుతు, ఒక పక్క వదులు ఉంటే బ్రేక్‌లో బండి లాగుతుంది. పై ఆర్మ్ బుష్‌లకు భారం తక్కువ, అవి బాగుంటే వదిలేయవచ్చు.

ఎక్కడ చేయించాలి?

వారంటీ ఉంటే కంపెనీ వర్క్‌షాప్‌కే వెళ్లండి. అక్కడ ఎక్కువగా ఆర్మ్ మొత్తం మార్చమంటారు, బిల్లు పెరుగుతుంది, కానీ టార్క్ లెక్కలు వాళ్ల దగ్గర ఉంటాయి. వారంటీ దాటితే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ప్రెస్ ఉన్న మంచి షెడ్డు సరిపోతుంది. మేస్త్రీని ఒక్క మాట అడగండి: "బోల్ట్‌లు బండి దింపాక టైట్ చేస్తారా, జాకీ మీదేనా?" ఆ జవాబుతోనే పనివాడు ఎలాంటివాడో తెలిసిపోతుంది.

ఇంట్లో చేసుకోవాలన్న సరదా ఉంటే స్టెబిలైజర్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్ కింది కన్ను బుష్‌ల దగ్గర ఆగండి. కాయిల్ స్ప్రింగ్ నొక్కి ఉన్న ఆర్మ్‌ను సరైన పనిముట్టు లేకుండా విప్పడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కమాన్ విప్పేటప్పుడు కూడా ఛాసిస్‌కు వేరే స్టాండ్లు, యాక్సిల్‌కు వేరే ఆధారం ఉండాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరవద్దు.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. 500 కిలోమీటర్లు తిరిగాక బోల్ట్‌ల టార్క్ ఒకసారి చూపించండి. తీసిన పాత బుష్‌లు మాత్రం షెడ్డులో వదిలేయకుండా అడిగి తీసుకుని చూడండి. రబ్బరు మెత్తబడి, ఉబ్బి, చేతికి జిడ్డుగా నల్లగా అంటుకుంటే అది అరగలేదు, ఆయిల్ తిన్నది. పవర్ స్టీరింగ్ పైపో, గేర్‌బాక్స్ సీలో కారుతోందేమో వెతికించండి. ఎక్కడా కారడం లేదంటే వాటర్ సర్వీసింగ్‌లో తుప్పు పట్టకుండా అని కింద కొట్టే డీజిల్, కాలిన ఆయిల్ వల్ల అయ్యుండొచ్చు. తర్వాతి సర్వీసింగ్‌లో నీళ్లు, షాంపూ వరకే చాలని, బుష్‌ల మీద ఆయిల్ కొట్టవద్దని ముందే చెప్పండి.